హైదరాబాదు విశ్వవిద్యాలయం: పెరుగుదల సరే, పొరుగు సంగతేమిటి?

పాత బొంబాయి రోడ్డు మీద లింగంపల్లి వైపు పోయే బస్సు గచ్చిబౌలి దాటగానే ఒక పెద్ద ప్రహరీ గోడ మొదలవుతుంది. ఆ గోడ ఎంతసేపటికీ తరగదు. గోడ వెనుక బండరాళ్ళు, చెరువులు, నెమళ్ళు, జింకలు, వాటి మధ్య అక్కడక్కడ విసిరేసినట్టున్న భవనాలు. చేవెళ్ళ నుంచో, శంకరపల్లి నుంచో పని మీద పట్నానికి వచ్చే రైతుకు ఆ గోడ బాగా పరిచయమే. లోపల ఏమి చదువుతారు, ఎవరు చదువుతారు, తన పిల్లవాడు అందులో చేరగలడా అన్న ప్రశ్నలకు మాత్రం అతనికి జవాబు చెప్పినవారు తక్కువ.

రంగారెడ్డి జిల్లా 1978లో ఏర్పడింది. హైదరాబాదు విశ్వవిద్యాలయం 1974 అక్టోబరు 2న ఏర్పడింది. అంటే జిల్లా కంటే విశ్వవిద్యాలయమే నాలుగేళ్ళు పెద్దది. 2024లో దానికి 50 ఏళ్ళు నిండాయి. ఈ అర్ధ శతాబ్దిలో అది ఎంత పెరిగింది, ఏ దిక్కుకు పెరిగింది, పుట్టిన నాడు ఇచ్చిన మాటను ఎంతవరకు నిలబెట్టుకుంది అని తరచి చూడటానికి ఇది తగిన సమయం.

ఉద్యమాల నుంచి పుట్టిన చదువు

దేశంలో చాలా విశ్వవిద్యాలయాలు ఒక మహానుభావుని కల నుంచో, ఒక ప్రభుత్వ ప్రణాళిక నుంచో పుట్టాయి. ఈ విశ్వవిద్యాలయం పుట్టింది మాత్రం ప్రజల అసంతృప్తి నుంచి. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర ఉద్యమం రాష్ట్రాన్ని కుదిపివేశాయి. రెండింటికీ మూలం ఒకటే: చదువులలో, కొలువులలో మా వాటా మాకు దక్కడం లేదన్న ఆవేదన. కాల్పులు జరిగాయి. విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. చివరకు 1973 సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం మీద నాయకుల మధ్య అంగీకారం కుదిరింది.

ఆ ఆరింటిలో రెండవ సూత్రం విద్యకు సంబంధించినది. విద్యాసంస్థల ప్రవేశాలలో స్థానికులకు ప్రాధాన్యం ఇవ్వాలి, ఉన్న విద్యా సదుపాయాలను పెంచేందుకు హైదరాబాదులో ఒక కొత్త కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పాలి అన్నది దాని సారాంశం. అందుకోసం రాజ్యాంగాన్నే 32వసారి సవరించారు. 371-ఇ అధికరణ చేరింది. ఒక రాష్ట్రంలో విశ్వవిద్యాలయం పెట్టడానికి రాజ్యాంగంలో ప్రత్యేకంగా ఒక అధికరణ చేర్చడం మామూలు విషయం కాదు. 1974లో పార్లమెంటు చట్టం చేసింది. రాష్ట్రపతి దీనికి విజిటరు. రాష్ట్ర గవర్నరు చీఫ్ రెక్టరు.

అప్పటికి రాష్ట్రంలో విశ్వవిద్యాలయాలు లేకపోలేదు. 1918 నుంచి ఉస్మానియా, 1926 నుంచి ఆంధ్ర, 1954 నుంచి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయాలు నడుస్తున్నాయి. అయితే వాటి నెత్తిన అనుబంధ కళాశాలల భారం ఉన్నది. వేలాది మందికి పరీక్షలు పెట్టడం, జవాబు పత్రాలు దిద్దించడం, ఫలితాలు ప్రకటించడంతోనే సగం కాలం గడిచిపోతుంది. కొత్త విశ్వవిద్యాలయానికి ఆ బరువు పెట్టలేదు. దానికి అనుబంధ కళాశాలలు లేవు. పోస్టు గ్రాడ్యుయేట్ చదువు, పరిశోధన మాత్రమే దాని పని. సెమిస్టరు పద్ధతి, ఏడాది పొడుగునా పాఠం చెప్పిన ఆచార్యుడే విద్యార్థిని అంచనా వేసే పద్ధతి ఇక్కడ మొదటి నుంచీ ఉన్నాయి.

సరోజినీదేవి ఇంటి నుంచి గచ్చిబౌలి బండల దాకా

తొలి ఉపాధ్యక్షుడు రసాయన శాస్త్రజ్ఞుడు గురుభక్ష్ సింగ్. ఆయన బాధ్యతలు చేపట్టే నాటికి విశ్వవిద్యాలయానికి చెప్పుకోదగిన సొంత గూడు లేదు. సరోజినీ నాయుడు కుటుంబం నివసించిన 'గోల్డెన్ త్రెషోల్డ్' భవనం ఆదుకున్నది. 1905లో ఆమె ప్రచురించిన కవితా సంపుటి పేరే ఆ ఇంటికి పేరు. ఆమె కుమార్తె పద్మజా నాయుడు ఉదారంగా ఇచ్చిన ఆ ఇంట్లోనే తొలి పాఠాలు, తొలి పరిశోధనలు మొదలయ్యాయి. నాంపల్లి, ఆబిడ్స్ రద్దీ మధ్య ప్రయోగశాలలు నడపడం ఎంత కష్టమో ఊహించవచ్చు. తరువాత గచ్చిబౌలిలో రాష్ట్ర ప్రభుత్వం చూపిన సుమారు 2,300 ఎకరాలకు విశ్వవిద్యాలయం క్రమంగా తరలిపోయింది.

ఆ రోజుల్లో గచ్చిబౌలి అంటే పట్నంవారికి అడవి. సాయంత్రమైతే బస్సు దొరికేది కాదు. ఇంత దూరాన ఎవరు చదువుతారని పెదవి విరిచినవారు ఉన్నారు. ఈనాడు ఆ గోడ అవతల ఆకాశాన్ని అంటే భవనాలు లేచాయి. గజం ధర విని సామాన్యుడు గుండె పట్టుకుంటున్నాడు. అడవిగా ఉన్ననాడు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన భూమి మీద, బంగారం అయిన నాడు అందరి కళ్ళూ పడ్డాయి. ఆ సంగతి తరువాత.

స్కూలు అంటే బడి కాదు

ఈ విశ్వవిద్యాలయంలో విభాగాలను స్కూళ్ళుగా కూర్చారు. స్కూలు అంటే మనం అనుకునే బడి కాదు. ఒకదానికొకటి దగ్గరి చుట్టాలైన శాస్త్రాలను ఒక కప్పు కిందికి చేర్చి, ఒక డీన్ అజమాయిషీలో ఉంచే ఏర్పాటు. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రాలు, గణితంతో పాటు కంప్యూటరు శాస్త్రం, మానవీయ శాస్త్రాలు, సామాజిక శాస్త్రాలు అనే కొద్దిపాటి స్కూళ్ళతో మొదలైన ఈ సంస్థలో ఇప్పుడు 12 స్కూళ్ళు ఉన్నాయి. గణితం, కంప్యూటరు శాస్త్రం వేరు కాపురాలు పెట్టాయి. అర్థశాస్త్రం సామాజిక శాస్త్రాల నుంచి విడిపడి సొంత స్కూలు అయింది. కళలు, మేనేజిమెంటు, వైద్యశాస్త్రాలు, ఇంజనీరింగు శాస్త్రాలు కొత్తగా వచ్చి చేరాయి.

వీటిలో రసాయనశాస్త్రం స్కూలు పేరు మొదటే దేశమంతా మారుమోగింది. 1977లో కాన్పూరు ఐ.ఐ.టి. నుంచి వచ్చిన గోవర్ధన్ మెహతా దానిని నిలబెట్టారు. ఆయనే తరువాత ఉపాధ్యక్షులయ్యారు. గౌతమ్ దేశిరాజు 1979 నుంచి 30 ఏళ్ళు ఇక్కడే ఉండి స్ఫటికాల నిర్మాణం మీద పరిశోధన చేశారు. అణువులు స్ఫటికంలో ఎలా ఒద్దికగా అమరుతాయో తెలిస్తే కోరిన గుణాలు గల పదార్థాన్ని తయారు చేయవచ్చునన్నది ఆ పరిశోధన సారం. మందుల తయారీకి ఇది ఎంతో ముఖ్యం. మన హైదరాబాదు చుట్టుపక్కల ఎన్ని మందుల కర్మాగారాలు ఉన్నాయో తెలిసినవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు.

జీవశాస్త్రాల స్కూలులో టమాటా మీద జరిగే పని మన జిల్లా రైతు తెలుసుకోదగినది. టమాటా జన్యువులకు సంబంధించిన వనరుల నిధి ఒకటి ఇక్కడ ఉన్నది. కాయ ఎందుకు త్వరగా మెత్తబడుతుంది, ఎందుకు కొన్ని రకాలు నిలవ ఉంటాయి అన్నవి ఇటువంటి చోట వెదికే ప్రశ్నలు. చేవెళ్ళ, శంకరపల్లి ప్రాంతాల రైతులు టమాటా గంపలను మార్కెట్టుకు తెచ్చి, ధర లేక రోడ్డు పక్కన పారబోసిన రోజులు ఉన్నాయి. ఆ రైతుకూ, ఈ ప్రయోగశాలకూ మధ్య దూరం 30, 40 కిలోమీటర్లే. కాని ఆ దూరాన్ని దాటించే వారధి మాత్రం ఇంకా సరిగా పడలేదు.

మానవీయ శాస్త్రాల స్కూలులో తెలుగు, హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు, సంస్కృతం, తత్వశాస్త్రంతో పాటు అనువర్తిత భాషాశాస్త్రం, అనువాదాల అధ్యయన కేంద్రం ఉన్నది. కంప్యూటరుకు తెలుగు వ్యాకరణం నేర్పే పని, ఒక భారతీయ భాష నుంచి ఇంకొక భాషకు యంత్రం ద్వారా అనువదించే పని ఇక్కడ చాలా ఏళ్ళుగా జరుగుతున్నది. 1986 నుంచి 1993 వరకు ఉపాధ్యక్షులుగా పనిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తి స్వయంగా ద్రావిడ భాషలలో ప్రపంచ ప్రసిద్ధుడైన పండితుడు. రైతుల నోటి మాటలు ఊరూరా సేకరించి 1962లో వ్యవసాయ వృత్తి పదకోశాన్ని వెలువరించినవారు ఆయనే. పల్లె మాటకు పాండిత్యంలో పీట వేసిన అటువంటివాడు ఈ సంస్థకు ఏడేళ్ళు పెద్దదిక్కుగా ఉండటం గుర్తుంచుకోవలసిన విషయం.

సరోజినీ నాయుడు పేరిట ఏర్పడిన కళల స్కూలులో నాటకం, నాట్యం, చిత్రకళ, పత్రికా ప్రసార రంగాల శిక్షణ ఉన్నది. కూచిపూడి, భరతనాట్యం ఇక్కడ ఎం.ఎ. స్థాయి చదువులు. 'బోల్ హైదరాబాద్' పేరుతో ఒక సామాజిక రేడియో కేంద్రం కూడా 2011 నుంచి నడుస్తున్నది. సామాజిక శాస్త్రాలలో చరిత్ర, రాజనీతి, సమాజశాస్త్రం, మానవశాస్త్రం, విద్య ఉన్నాయి. స్త్రీల గురించీ, విదేశాలలోని భారతీయుల గురించీ, దళిత ఆదివాసీ సాహిత్యం గురించీ ప్రత్యేక కేంద్రాలు ఏర్పడ్డాయి. 2006లో ఇంటర్మీడియెట్ పూర్తయినవారికి అయిదేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్సులు ప్రారంభించడంతో అప్పటి వరకు పెద్ద చదువులకే పరిమితమైన ఆవరణలో పద్దెనిమిదేళ్ళ పిల్లలు కూడా కనిపించసాగారు.

ఇంత పెరుగుదలకు గుర్తింపు కూడా దక్కింది. 2015లో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ చేతుల మీదుగా ఉత్తమ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఇచ్చే తొలి విజిటర్స్ అవార్డును ఈ సంస్థ అందుకున్నది. 2019లో కేంద్ర ప్రభుత్వం దీనికి విశిష్ట విద్యాసంస్థ హోదా ఇచ్చింది. ఆ హోదా పొందిన ప్రభుత్వ సంస్థకు అయిదేళ్ళలో రూ. 1,000 కోట్ల వరకు అదనపు సాయం పొందే అవకాశం ఉంటుంది. రాష్ట్ర విభజన తరువాత అనంతపురంలో వచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయానికి, ములుగులో వచ్చిన సమ్మక్క సారక్క గిరిజన విశ్వవిద్యాలయానికి తొలి అడుగులు నేర్పిన అక్కగారు కూడా ఈ సంస్థే.

ప్రశ్నపత్రం ఏ భాషలో?

ఇదంతా గర్వించదగినదే. అయితే మొదటి ప్రశ్న మిగిలే ఉన్నది. ఏ ప్రాంత ప్రజల ఆవేదన తీర్చడానికి ఈ విశ్వవిద్యాలయం పుట్టిందో, ఆ ప్రజల పిల్లలు ఇందులో ఎంతమంది?

ఇది కేంద్రీయ సంస్థ గనుక స్థానిక రిజర్వేషను లేదు. దేశం నలుమూలల నుంచి విద్యార్థులు వస్తారు. రావాలి కూడా. కేరళ పిల్లవాడు, అస్సాం పిల్ల, పరిగి పిల్లవాడు ఒకే బెంచీ మీద కూర్చోవడం కంటే మంచి చదువు ఏముంటుంది? స్థానికులకు సగం సీట్లు ఇవ్వాలని పట్టుపడితే విశ్వవిద్యాలయం స్థాయి తగ్గుతుందని, అది మరొక ప్రాంతీయ కళాశాలగా మిగులుతుందని అనేవారి వాదనలో నిజం లేకపోలేదు. కాని పరుగు పందెంలో అందరినీ ఒకే గీత మీద నిలబెట్టాలి గదా!

2022 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశాలకు దేశవ్యాప్త ఉమ్మడి పరీక్ష వచ్చింది. ఇంటర్మీడియెట్ తరువాత రాసే పరీక్షను తెలుగుతో కలిపి 13 భాషలలో రాయవచ్చు. ఇది మేలు. పోస్టు గ్రాడ్యుయేట్ పరీక్ష దగ్గరకు వచ్చేసరికి, భాషా సబ్జెక్టులు మినహాయిస్తే, ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటుంది. హిందీ ప్రాంతపు విద్యార్థి చరిత్రనో, రాజనీతినో తన తల్లిభాషలో రాస్తాడు. తాండూరులోనో, వికారాబాదులోనో తెలుగు మీడియంలో బి.ఎ. చదివిన విద్యార్థి తనది కాని భాషలో ప్రశ్నను ముందు అర్థం చేసుకుని, ఆ తరువాత జవాబు వెదకాలి. తెలుగు గడ్డ మీద, తెలుగువారి ఉద్యమాల ఫలితంగా పుట్టిన విశ్వవిద్యాలయంలో చేరడానికి తెలుగు పనికిరాకపోవడం విడ్డూరం. ఇందులో విశ్వవిద్యాలయం తప్పు కొంతే. పరీక్ష నిర్వహించేది వేరే సంస్థ. కాని తెలుగులోనూ ప్రశ్నపత్రం ఇవ్వాలని గట్టిగా అడగవలసిన మొదటి గొంతు ఈ విశ్వవిద్యాలయానిదే కావాలి. ఆ గొంతుకు మన పార్లమెంటు సభ్యుల గొంతులు తోడు కావాలి.

చేరిన తరువాత కూడా కష్టాలు తీరవు. తెలుగు మీడియం నుంచి వచ్చిన విద్యార్థి మొదటి సెమిస్టరులో పాఠం అర్థం కాక, అడగడానికి సిగ్గుపడి, వెనుక బెంచీలో మూగవాడై కూర్చుంటాడు. తెలివి లేక కాదు, భాష రాక. కులం, పేదరికం కూడా తోడైతే ఆ ఒంటరితనం ఎంత దూరం తీసుకుపోతుందో ఈ ఆవరణ చూసింది. 2016 జనవరి 17న పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ఆత్మహత్య దేశాన్ని కలచివేసింది. ఆ ఘటన మీద వాదోపవాదాలు ఎన్ని జరిగినా, పేద దళిత కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలకు సీటు ఇవ్వడంతోనే విశ్వవిద్యాలయం బాధ్యత తీరిపోదన్న పాఠాన్ని ఎవరూ కాదనలేరు. స్కూళ్ళ సంఖ్య, పత్రాల సంఖ్య, ర్యాంకుల సంఖ్య లెక్కపెట్టినట్టే, చేరినవారిలో ఎంతమంది చదువు పూర్తి చేశారో, ఎందరు మధ్యలో వెళ్ళిపోయారో, ఎందుకు వెళ్ళారో కూడా ఏటా లెక్క చెప్పాలి.

భూమి ఎవరిది, బాధ్యత ఎవరిది

ఇక భూమి సంగతి. 2,300 ఎకరాలలో నుంచి ఏళ్ళ తరబడి ముక్కలు ముక్కలుగా భూమి ఇతర అవసరాలకు పోయింది. అలా వెళ్ళినవాటిలో పరిశోధన సంస్థలు, క్రీడాస్థలాలు కూడా ఉన్నాయి. వాటిని తప్పుపట్టలేము. అసలు రగడ కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల దగ్గర వచ్చింది. 2003లో రాష్ట్ర ప్రభుత్వం క్రీడా సదుపాయాల పేరుతో దానిని ఒక ప్రైవేటు సంస్థకు కేటాయించింది. 2006లో మరొక ప్రభుత్వం ఆ కేటాయింపును రద్దు చేసింది. కోర్టులో వ్యాజ్యం 18 ఏళ్ళు నడిచింది. 2024లో హైకోర్టు ప్రభుత్వ పక్షాన తీర్పు ఇచ్చింది. సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. భూమి తనదేనని, బదులుగా గోపన్‌పల్లిలో విశ్వవిద్యాలయానికి 2004లోనే వేరే భూమి ఇచ్చామని ప్రభుత్వం అంటున్నది.

2025 మార్చి నెలాఖరున సెలవు రోజులు చూసి అక్కడికి యంత్రాలు దిగాయి. చెట్లు కూలాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు స్వయంగా కలుగజేసుకుని, చెట్ల నరికివేతను ఆపించింది. కాగితం మీద ఆ భూమి ఎవరిదన్నది కోర్టులు తేల్చవలసిన ప్రశ్న. కాని ఆ బండల మధ్య కురిసిన వాన చెరువులలోకి చేరి, చుట్టుపక్కల బస్తీల బోర్లలో నీరై తేలుతున్నదన్న సంగతికి పట్టా అక్కరలేదు. నల్లగండ్ల, గోపన్‌పల్లి, మసీదుబండ ప్రాంతాలలో వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడే గృహిణిని అడిగితే తెలుస్తుంది.

ఈ వివాదం ఇంత ముదరడానికి కారణం ఒకటే. 50 ఏళ్ళలో సరిహద్దు రాళ్ళు పాతి, హక్కు పత్రాలు విశ్వవిద్యాలయం పేర మార్చే పనిని ఏ ప్రభుత్వమూ పూర్తి చేయలేదు. ఏ ఉపాధ్యక్షుడూ పట్టుబట్టి చేయించుకోలేదు. రైతు తన అరెకరం పొలానికి పట్టా కోసం తహసీలు ఆఫీసు చుట్టూ చెప్పులు అరిగేలా తిరుగుతాడు. ఇంత పెద్ద సంస్థ ఆపాటి జాగ్రత్త పడకపోవడం శోచనీయం. మిగిలిన భూమికైనా ఇప్పుడు సర్వే జరగాలి. హద్దులు వేయాలి. పత్రాలు మారాలి.

గోడకు ఒక తలుపు

పెద్ద ఖర్చు లేకుండా, కొత్త చట్టం లేకుండా చేయగల పనులు కొన్ని ఉన్నాయి. నెలకొక రోజు ఉమ్మడి రంగారెడ్డి జిల్లాలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల పిల్లలను పిలిచి ప్రయోగశాలలు చూపించవచ్చు. టమాటా మీద, నేల మీద, నీటి మీద పనిచేసే శాస్త్రజ్ఞులు ఏడాదికి రెండుసార్లు మార్కెట్ యార్డులో రైతుల ముందు తెలుగులో మాట్లాడవచ్చు. ప్రవేశ పరీక్షకు ముందు డిగ్రీ కళాశాలలకు విద్యార్థులనే పంపి, దరఖాస్తు ఎలా చేయాలో, ఫీజు ఎంతో, హాస్టలు ఎలా దొరుకుతుందో చెప్పించవచ్చు. కొత్తగా చేరిన తెలుగు మీడియం విద్యార్థులకు మొదటి రెండు నెలలు ఇంగ్లీషులో ప్రత్యేక తరగతులు నడపవచ్చు. విశ్వవిద్యాలయానికి రేడియో ఉన్నది, తెలుగు శాఖ ఉన్నది, అనువాద కేంద్రం ఉన్నది. ఒక్కొక్క స్కూలులో ఏడాదిలో జరిగిన మంచి పరిశోధనను పది పేజీల తెలుగు పుస్తకంగా తీసుకురావడం వారికి అసాధ్యమా?

ఇవన్నీ ఏదో ఒక రూపంలో అప్పుడప్పుడు జరుగుతూనే ఉన్నాయని అధికారులు అనవచ్చు. అప్పుడప్పుడు జరిగేది ఉత్సవం అవుతుంది. క్రమం తప్పకుండా జరిగితేనే అది అలవాటు అవుతుంది. ప్రజలకు కావలసింది రెండవది.

50 ఏళ్ళ కిందట ఈ విశ్వవిద్యాలయం కోసం రాజ్యాంగమే కాస్త జరిగి చోటు ఇచ్చింది. ఇప్పుడు విశ్వవిద్యాలయం కాస్త జరిగి ఈ నేల పిల్లలకు చోటు ఇవ్వాలి. పాత బొంబాయి రోడ్డు మీద బస్సులో పోతున్న ఆ రైతు, గోడ చూపించి, "మా పిల్ల ఇక్కడే చదువుతున్నది" అని పక్కవానితో చెప్పుకోగలిగిన రోజున ఆరు సూత్రాలలోని రెండవ సూత్రం నిజంగా అమలైనట్టు. అంతవరకు ఎన్ని స్కూళ్ళు పెరిగినా లెక్క సగమే తేలినట్టు.